అసలు, కొసరు: కోర్ మాడ్యూల్‌లో ఆప్షనల్ డిపెండెన్సీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టి లెక్కపెట్టే ఒక చిన్న పైథాన్ లైబ్రరీని కొన్నేళ్ళుగా చూసుకుంటున్నాను. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం తెలుగు గురించి కాదు. ఇది ఇన్‌స్టాల్ చేస్తే అది ఎందుకు రాలేదు, అది లేకపోతే ఇది ఎందుకు ఆగింది, ఇదే గోల. ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చి అన్నీ ఒకచోట పెడుతున్నాను. వాడేవాళ్ళకి కొన్ని, సొంతంగా లైబ్రరీ రాసేవాళ్ళకి ఎక్కువ.

డిపెండెన్సీ అంటేనే లేకపోతే నడవదని కదా, మళ్ళీ ఆప్షనల్ ఏంటి?

పట్టికల డేటాతో పనిచేసే పాండాస్ లైబ్రరీనే తీసుకోండి. సీఎస్‌వీ ఫైల్ చదవడానికి పాండాస్, దాంతో తప్పనిసరిగా వచ్చే నంపై లాంటివి చాలు. అదే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్ చదవమంటే ఓపెన్‌పైఎక్సెల్ లాంటి ఇంకో ప్యాకేజీ కావాలి, అది దానంతట అది రాదు. అడగందే అమ్మైనా పెట్టదు. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌లో అడిగే పద్ధతి పేరు ఎక్స్‌ట్రా: ప్యాకేజీ పేరు రాసి, పక్కనే చదరపు బ్రాకెట్లలో ఎక్సెల్ అనో పార్కే అనో పెడితే ఆ పనికి కావాల్సినవి కూడా దిగుతాయి. నేను మనసులో దీన్ని కొసరు అనుకుంటాను, కాకపోతే సంతలో కొసరు ఊరికే వస్తుంది, ఇక్కడ డిస్క్‌లో చోటు, డౌన్‌లోడ్ సమయం మీ ఖాతాలోనే పడతాయి. అంత పెద్ద పాండాస్ కూడా ఈ ఎక్స్‌ట్రాలను 2023లో వచ్చిన 2.0 నుంచే ఇస్తోంది, అంతకు ముందు డాక్యుమెంటేషన్‌లో పట్టిక చూసుకుని ఏది కావాలో అది చేత్తో వేసుకోవాల్సి వచ్చేది.

అన్నీ తప్పనిసరి చేసేస్తే పీడా పోతుందిగా?

మీ పీడ పోతుంది, వాడేవాళ్ళకి మొదలవుతుంది. పాండాస్ బృందం పైఆరో అనే ప్యాకేజీని 3.0 నుంచి తప్పనిసరి చేద్దామనుకుంది. 2024 జనవరిలో వచ్చిన 2.2లో, పైఆరో లేని మెషీన్‌లో పాండాస్‌ని ఇంపోర్ట్ చేయగానే ఒక హెచ్చరిక కనిపించేలా పెట్టారు, ఇబ్బంది ఉంటే చెప్పండి అని అందులోనే లింకు కూడా ఇచ్చారు. జనం ఊరుకుంటారా, చెప్పారు. సొంత సర్వర్ చూసుకోకుండా కోడ్ నడిపించుకునే అమెజాన్ లాంబ్డాలో కోడూ ప్యాకేజీలూ అన్నీ విప్పాక 250 ఎంబీ దాటకూడదు, అందులో పైఆరో ఒక్కటే బోలెడు చోటు తినేస్తుంది అని కొందరు, మేం వాడని దాని కోసం ఇంత బరువు ఎందుకు మోయాలని ఇంకొందరు. మరుసటి నెల 2.2.1లో హెచ్చరిక తీసేశారు. చివరికి 3.0లో కూడా అది ఆప్షనల్‌గానే మిగిలింది: ఉంటే స్ట్రింగులకు దాన్ని వాడుకుంటుంది, లేకపోతే పాత పద్ధతిలోనే నెట్టుకొస్తుంది.

నా అనుభవం ఇంకా చిన్నది. మొదట్లో పాఠాన్ని విడగొట్టే పైఐసీయూ అనే ప్యాకేజీని తప్పనిసరి చేశాను. దాన్ని వేయాలంటే మెషీన్‌లో ముందు ఐసీయూ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఉండాలి, కంపైలర్ ఉండాలి. అక్షరాలు లెక్కపెట్టుకుందామని వచ్చిన కుర్రాడు విండోస్ ల్యాప్‌టాప్‌లో రెండు రోజులు కంపైలర్‌తో కుస్తీ పట్టి, ఇంకో దారి చూసుకుంటాను సార్ అని ఉత్తరం రాసి వెళ్ళిపోయాడు. తప్పు అతనిది కాదు.

ఏది కోర్‌లో ఉండాలి, ఏది కొసరు? గీత ఎక్కడ గీయాలి?

మీ లైబ్రరీ ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం నిజం కావడానికి కావాల్సింది కోర్, మిగతాదంతా కొసరు. "తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడగొడుతుంది" అన్నది నా వాక్యం. అందులో పాండాస్ లేదు, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లేదు. అక్షరాల తరచుదనాన్ని గ్రాఫ్‌గా గీసే ఫంక్షన్ ఉంది, బాగానే ఉంటుంది, కానీ అది లేకపోయినా వాక్యం అబద్ధం కాదు.

కోర్ మాడ్యూల్‌కి నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ఒక్క ఎక్స్‌ట్రా కూడా లేని ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో అది చప్పుడు చేయకుండా ఇంపోర్ట్ అవ్వాలి. హెచ్చరికలు కూడా వద్దు. గ్రాఫ్ అడగనివాడికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ లేదని చెప్పడం పిలవని పేరంటం.

ప్యాకేజీ వివరాలు రాసే పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్‌లో వీటిని ఎక్కడ రాయాలి? డిపెండెన్సీ గ్రూపులు అని ఇంకోటి కనిపిస్తోంది, అదేనా?

కాదు, చాలామంది ఇక్కడే తికమకపడుతున్నారు. ప్రాజెక్ట్ అనే విభాగం కింద ఆప్షనల్ డిపెండెన్సీలని ఒక పట్టిక ఉంటుంది, పెప్ 621 నిర్ణయించిన చోటు అది (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదన పత్రం). అందులో రాసింది ప్యాకేజీ మెటాడేటాలోకి వెళ్తుంది, ప్రపంచంలో ఎవరైనా ఆ పేరుతో అడగొచ్చు. డిపెండెన్సీ గ్రూపులు పెప్ 735 తెచ్చినవి, 2024లో ఆమోదం వచ్చింది, పిప్ 25.1 నుంచి అర్థం చేసుకుంటుంది. అవి మీ ఇంట్లో వంటసామాన్ల లాంటివి: టెస్టులు నడిపే పైటెస్ట్, కోడ్‌లో తప్పులు వెతికే లింటర్, డాక్యుమెంటేషన్ తయారుచేసేవి. ప్యాకేజీతో పాటు బయటికి వెళ్ళవు. గ్రూపులు రాకముందు అందరం "టెస్ట్", "డెవ్" అని ఎక్స్‌ట్రాలు పెట్టేవాళ్ళం, నాదీ అలాగే ఉండేది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు ఆ పని చేయకండి.

"ఆల్" అని ఒక ఎక్స్‌ట్రా పెట్టాలనుకుంటే జాబితా మొత్తం మళ్ళీ కాపీ చేయక్కర్లేదు, అందులో మీ ప్యాకేజీ పేరే మిగతా ఎక్స్‌ట్రాలతో కలిపి రాయొచ్చు. తనని తానే పిలుచుకున్నట్టు వింతగా కనిపిస్తుంది గానీ 2021లో వచ్చిన పిప్ 21.2 నుంచి అది చక్కగా పనిచేస్తుంది. ఇంకో సంగతి, ఎక్స్‌ట్రాతో కలపడమే కుదురుతుంది, తీసేయడం కుదరదు. ఇది గానీ అది గానీ ఏదో ఒకటి చాలు అని రాసే వీలు కూడా లేదు.

ఇంపోర్ట్ వాక్యం ఎక్కడ పెట్టాలి? ఫైల్ మొదట్లోనే ఉండాలని నేర్చుకున్నాం.

తప్పనిసరి వాటికి ఆ నియమం సరే. ఆప్షనల్ వాటిని, వాడే ఫంక్షన్ లోపలే ఇంపోర్ట్ చేయండి. ప్రతి పిలుపుకీ ఇంపోర్ట్ జరిగితే నెమ్మదించదా అని అడుగుతారు. ఒకసారి ఎక్కిన మాడ్యూల్‌ని పైథాన్ తన పట్టికలో దాచుకుంటుంది, రెండోసారి ఆ పట్టికలో చూసుకుని వచ్చేయడమే. కోటిసార్లు తిరిగే లూప్ లోపల పెడితే తప్ప తేడా కనిపించదు, అలాంటి లూప్ ఉంటే ఇంపోర్ట్‌ని దాని పైన పెట్టండి.

ఏ విలువ ఏ రకమో చెప్పే టైప్ హింట్లకు డేటాఫ్రేమ్ లాంటి పేర్లు కావాలి కదా, వాటిని టైప్ చెకింగ్ అనే కాన్‌స్టంట్ కింద ఇంపోర్ట్ చేస్తే తనిఖీ చేసే పరికరాలకు మాత్రమే కనిపిస్తాయి, కోడ్ నడిచేటప్పుడు ఎక్కవు. హింట్లను కోట్స్‌లో పెట్టడం మర్చిపోకండి.

చిక్కు వచ్చేది క్లాసులతో. ఆప్షనల్ ప్యాకేజీలోని క్లాస్ నుంచి మీ క్లాస్ పుట్టాలంటే ఇంపోర్ట్‌ని ఫంక్షన్ లోపల దాచడం కుదరదు, క్లాస్ వాక్యం చదివేటప్పుడే అసలు క్లాస్ చేతిలో ఉండాలి. అలాంటివాటిని వేరే సబ్‌మాడ్యూల్‌లోకి తోసేయండి, కోర్ దాన్ని ముట్టుకోకూడదు. పైపేరు నుంచే అందాలంటే మాడ్యూల్ స్థాయిలో గెట్‌ఆటర్ ఫంక్షన్ రాసుకోవచ్చు, పెప్ 562 పుణ్యమా అని పైథాన్ 3.7 నుంచి ఉంది. పైథాన్ 3.15 కోసం, వాడినప్పుడే ఎక్కే లేజీ ఇంపోర్ట్‌లకు 2025లో ఆమోదం దొరికింది, పెప్ 810. చాలా సులువవుతుంది, కానీ గుర్తుంచుకోండి, ప్యాకేజీ లేదన్న ఎర్రర్ ఇంపోర్ట్ లైన్ దగ్గర కాకుండా మొదటిసారి వాడిన చోట పేలుతుంది. ట్రై లోపల లేజీ అని రాయనివ్వరు కూడా.

ట్రై పెట్టి, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే ఆ పేరుకి నన్ (ఏమీ లేదు) అని పెట్టుకుంటే సరిపోదా? అందరూ అదే చేస్తున్నారు.

నేనూ చేశాను. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, తర్వాతెప్పుడో నన్ మీద ఆట్రిబ్యూట్ లేదన్న ఎర్రర్ వస్తుంది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంటుంది ఆ సందేశం, అసలు కారణానికీ దానికీ పొంతన ఉండదు.

రెండోది ఇంకా చెడ్డది. ఇంపోర్ట్ ఎర్రర్ అంటే ప్యాకేజీ లేదని మాత్రమే అర్థం కాదు. ఉంది, కానీ విరిగింది అని కూడా కావొచ్చు. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు, పాత నంపై మీద కంపైల్ చేసిన ఎన్నో ప్యాకేజీలు ఇంపోర్ట్ దగ్గరే కూలాయి. ప్యాకేజీ అక్కడే ఉంది, పిప్ జాబితాలో కనిపిస్తోంది, మీ కోడ్ మాత్రం "లేదు, ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటుంది. వాడేవాడు మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాడు, ఉంది కదా అని పిప్ అంటుంది, ఇద్దరి మధ్యా వాడి బుర్ర వేడెక్కుతుంది. పైథాన్ 3.6 నుంచి మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ అని విడిగా ఉంది, దాన్ని మాత్రమే పట్టుకోండి. దాని నేమ్ ఆట్రిబ్యూట్‌లో దొరకని మాడ్యూల్ పేరుంటుంది, అది మీరు అడిగిందేనా కాదా అని కూడా చూసుకోండి. మీరు పాండాస్ అడిగితే పాండాస్ లోపల ఇంకేదో దొరక్కపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది మరి. మిగతా ఇంపోర్ట్ ఎర్రర్లను ఉన్నదున్నట్టు పైకి పోనివ్వండి.

ప్యాకేజీ లేకపోతే ఎర్రర్ ఎందుకు, చేతనైనంతలో చేసి ఇవ్వొచ్చుగా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

"క్షేత్రం" అన్న మాట తీసుకోండి. మనం చదివితే రెండు అక్షరాలు, క్షే, త్రం. పైథాన్‌ని పొడవు అడిగితే 8 అంటుంది, ఎందుకంటే అది కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్నా. యూనికోడ్ వాళ్ళ పాత గ్రాఫీమ్ (చదివేవాళ్ళకి ఒక్క అక్షరంగా తోచేది) నియమాలతో విడగొడితే పొల్లు దగ్గర తెగి 4 వస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులను కలిపే నియమం చేర్చారు, దానితో విడగొడితే 2. ఒకే మాట, మూడు జవాబులు, ఏది వస్తుందన్నది మెషీన్‌లో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ ఉందన్నదాని మీద ఆధారం.

నేను మొదట్లో ఏం చేశానంటే, విడగొట్టే ప్యాకేజీ ఉంటే దాన్ని వాడటం, లేకపోతే కోడ్ పాయింట్లు లెక్కపెట్టి ఇచ్చేయడం. పైకి ఒక్క మాట కూడా అనకుండా. మర్యాద అనుకున్నాను. ఒక మిత్రుడు గళ్ళనుడికట్టు తయారుచేసే ప్రోగ్రాం రాసుకున్నాడు, అతని ల్యాప్‌టాప్‌లో క్షేత్రానికి రెండు గళ్ళు, అన్నీ బ్రహ్మాండం. సర్వర్‌లో ఎక్స్‌ట్రా వేయడం మర్చిపోయాడు, అక్కడ ఎనిమిది గళ్ళు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. పొల్లుకి ఒక గడి, సున్నాకి ఒక గడి ఉన్న నుడికట్టు చూసి ఒక పెద్దాయన "ఏం బాబూ, ఇది కొత్త వ్యాకరణమా" అని అడిగితే గానీ మావాడికి తెలియలేదు. నాకు ఫోన్ చేసి తిట్టలేదు, నవ్వాడు, అది ఇంకా సిగ్గనిపించింది.

అప్పటి నుంచి నా నియమం: ప్యాకేజీ లేకపోతే వేగం తగ్గొచ్చు, జవాబు మారకూడదు. జవాబు అదే వస్తూ నెమ్మదిగా నడిచే దారి ఉంటే చప్పుడు లేకుండా ఆ దారిలో పోండి. జవాబు మారేలా ఉంటే ఆగిపోండి, లేదా ఏ పద్ధతి కావాలో వాడేవాడే ఆర్గ్యుమెంట్‌గా చెప్పేలా చేయండి. పాండాస్‌లో ఇంజిన్ అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంటుంది చూడండి, అలా.

పెద్దవాళ్ళు కూడా ఇక్కడ రాజీపడ్డారు. వెబ్ పేజీలు తెచ్చిపెట్టే రిక్వెస్ట్స్ లైబ్రరీ 2021లో 2.26తో, పేజీ ఎన్‌కోడింగ్ కనిపెట్టే చార్‌డెట్‌ని వదిలి చార్‌సెట్ నార్మలైజర్‌కి మారింది, ఎల్‌జీపీఎల్ లైసెన్స్ పేచీ వల్ల. అయితే మెషీన్‌లో చార్‌డెట్ ముందే ఉంటే దాన్నే వాడుతుంది. పాతవాళ్ళకి తేడా రాకూడదని అలా చేశారు, అర్థం చేసుకోగలను. నేనైతే చేయను, సంబంధం లేని ఇంకేదో ప్యాకేజీ తెచ్చిపెట్టిన చార్‌డెట్ వల్ల నా ఫలితం మారితే ఆ తీగ లాగడానికి ఒక రాత్రి పడుతుంది.

ఎర్రర్ సందేశంలో ఏం రాయాలి?

మూడు ముక్కలు: ఏ పని కోసం, ఏది లేదు, ఏ కమాండ్ కొట్టాలి. కమాండ్ కాపీ చేసి అతికించగానే నడవాలి. ఇంపోర్ట్ చేసే పేరూ పిప్‌కి చెప్పే పేరూ చాలాసార్లు వేరు: సీవీ2 కావాలంటే ఓపెన్‌సీవీ పైథాన్ అని వేయాలి, పిల్ కావాలంటే పిల్లో, ఎస్‌కేలెర్న్ కావాలంటే సైకిట్ లెర్న్. మాడ్యూల్ పేరునే పిప్‌కి ఇవ్వమని సందేశంలో రాస్తే, ఆ పేరుతో పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చే చోటు) ఇంకెవరో పెట్టిన దాన్ని వాళ్ళు వేసుకునే ప్రమాదం ఉంది. ఇది ఊహ కాదు, పేర్లు పోలిన దొంగ ప్యాకేజీలు అక్కడ తరచూ బయటపడుతూనే ఉంటాయి.

ఈ తనిఖీ అంతా ప్రతి ఫంక్షన్‌లో రాయకండి, ఒకచోట ఒక చిన్న ఫంక్షన్ పెట్టుకోండి. పాండాస్ లోపల సరిగ్గా ఈ పనికే ఇంపోర్ట్ ఆప్షనల్ డిపెండెన్సీ అనే ఫంక్షన్ ఉంది, కనీస వెర్షన్ల పట్టిక కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది, చదివి చూడండి, పొట్టిదే.

ఎక్స్‌ట్రాలో కనీస వెర్షన్ రాశాను కదా, కోడ్‌లో మళ్ళీ ఎందుకు చూడాలి?

ఎందుకంటే మీరు ఏ ఎక్స్‌ట్రాతో ఇన్‌స్టాల్ చేశారో పిప్ గుర్తుపెట్టుకోదు. ఇవాళ ఎక్సెల్ ఎక్స్‌ట్రాతో వేసి, ఆరు నెలల తర్వాత ఉత్త పేరుతో అప్‌గ్రేడ్ చేస్తే, ఎక్స్‌ట్రాలో మీరు పెంచిన కనీస వెర్షన్‌ని అది పట్టించుకోదు. పిప్ చెక్ కూడా దీన్ని పట్టుకోదు. పైగా చాలామంది మీ ఎక్స్‌ట్రా పేరే ఎత్తకుండా ఆ ప్యాకేజీని విడిగా వేసుకుంటారు. కాబట్టి నడిచేటప్పుడే ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటాతో వెర్షన్ అడిగి చూడాలి. వెర్షన్లను మాత్రం ఉత్త స్ట్రింగులుగా పోల్చకండి, అలా పోలిస్తే 10 కన్నా 9 పెద్దదవుతుంది.

ఈ వెర్షన్ దాటొద్దు అనే పై హద్దు సంగతి అడుగుతారు. 2020 డిసెంబర్‌లో, ఎక్సెల్ ఫైళ్ళు చదివే ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ 2.0 వచ్చి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ తప్ప మరేదీ చదవనని తేల్చేసింది. అప్పటిదాకా పాండాస్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ని దానితోనే చదివేది. పాత పాండాస్ ఉన్నవాళ్ళు ఎక్స్‌ఎల్‌ఆర్‌డీని అప్‌గ్రేడ్ చేయగానే నిన్నటిదాకా నడిచిన స్క్రిప్ట్ ఆగిపోయింది. అయినా నేను పై హద్దులు పెట్టను, పెడితే వాడేవాళ్ళ మిగతా ప్యాకేజీలతో పేచీలొస్తాయి. దానికి బదులు వారానికోసారి సరికొత్త వెర్షన్లతో టెస్టులు నడిపిస్తాను.

మ్యాక్‌లో కమాండ్ కొడితే "నో మ్యాచెస్ ఫౌండ్" అంటోంది.

జెడ్‌ఎస్‌హెచ్ షెల్ చదరపు బ్రాకెట్లను ఫైల్ పేర్ల ప్యాటర్న్ అనుకుంటుంది. మొత్తం పేరుని కోట్స్‌లో పెట్టండి. మీ డాక్యుమెంటేషన్‌లో కూడా మొదటి నుంచీ కోట్స్‌తోనే రాయండి, ఈ ప్రశ్న మళ్ళీ రాదు.

కొసర్లు కొన్ని డిఫాల్ట్‌గా వచ్చేసి, వద్దన్నవాళ్ళకి రాకుండా చేయలేమా?

ఇప్పటికి పైథాన్‌లో సూటి దారి లేదు, పెప్ 771 అనే ప్రతిపాదన ఉంది. వెబ్ ఏపీఐలు రాసుకునే లైబ్రరీ ఫాస్ట్‌ఏపీఐ 2024లో దీని కోసం తంటాలు పడింది. 0.111లో ఉత్త పేరు కొడితే కావాల్సినవన్నీ వచ్చేలా చేసి, వద్దనేవాళ్ళకి స్లిమ్ అని వేరే ప్యాకేజీ ఇచ్చారు. కొన్ని నెలలకే 0.112లో వెనక్కి తిప్పి, అన్నీ కావాలంటే స్టాండర్డ్ అనే ఎక్స్‌ట్రా అడగమన్నారు. ఒకటే కోడ్‌కి రెండు ప్యాకేజీ పేర్లు పెడితే, వేరే లైబ్రరీలు దేని మీద ఆధారపడాలో తెలియక నలుగుతాయి. నేను ఆ జోలికి పోలేదు.

వాడకంలో లేని ఎక్స్‌ట్రాని తీసేయొచ్చా?

పేరు ఉంచి లోపల ఖాళీ చేయండి. రిక్వెస్ట్స్‌లో సెక్యూరిటీ అనే ఎక్స్‌ట్రా ఇప్పుడు ఏమీ తేదు, అయినా పేరు ఉంది, ఎన్నో రిక్వైర్‌మెంట్స్ ఫైళ్ళలో అది ఇంకా రాసి ఉంటుంది కాబట్టి.

టెస్టులు ఎలా?

కనీసం రెండు సెట్లు: ఒకటి ఎక్స్‌ట్రాలేమీ లేకుండా, ఒకటి అన్నీ వేసి. మొదటిదే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. మన మెషీన్లో అన్నీ ఉంటాయి కనుక కోర్‌లోకి పాండాస్ ఇంపోర్ట్ ఎప్పుడు దూరిందో మనకు కనిపించదు, టెస్టుల కోసం వేసుకున్న ప్యాకేజీలే దాన్ని కప్పేస్తాయి. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఉత్తి ఇంపోర్ట్ లైన్ ఒక్కటి నడిపినా చాలా దొంగలు దొరుకుతారు.

పైటెస్ట్‌లో ఇంపోర్ట్ ఆర్ స్కిప్ ఉంది, ప్యాకేజీ లేకపోతే టెస్ట్‌ని దాటేస్తుంది. 8.2 నుంచి, ప్యాకేజీ ఉండి విరిగిన సందర్భంలో ఊరుకోకుండా హెచ్చరిస్తోంది, పైన చెప్పిన తేడాయే. అన్నీ వేసిన సెట్‌లో మాత్రం ఒక్క స్కిప్ కనిపించినా దాన్ని ఫెయిల్ కింద లెక్కేయండి. ఒకసారి ఎక్స్‌ట్రా పేరులో అక్షరం తప్పు రాశాను. ఆ ఎక్స్‌ట్రా లేదని పిప్ ఒక హెచ్చరిక లైన్ వేసి తన పని తాను చేసుకుపోయింది, గ్రాఫ్ టెస్టులన్నీ స్కిప్ అయ్యాయి, పైన మాత్రం పచ్చ టిక్కు. మూడు వారాలు అలాగే ఉంది.

పిప్ బదులు కాండా వాడేవాళ్ళ సంగతి?

అక్కడ ఎక్స్‌ట్రాలు లేవు, విడి ప్యాకేజీలుగా ఇస్తారు. డాస్క్, డాస్క్ కోర్ అని రెండు ఉండటం అందుకే. మీ లైబ్రరీని కాండా ఫోర్జ్‌లో (కాండా ప్యాకేజీలు పెట్టే చోటు) ఎవరైనా పెడుతుంటే, ఏది కోరో ఏది కొసరో వాళ్ళకి ముందే చెప్పండి. నాకు తోచలేదు, ఆ ప్యాకేజీ చేసినాయన మంచికే అనుకుని అన్నీ తప్పనిసరి చేశాడు, పైఐసీయూతో సహా. కాండాలో ఐసీయూ ముందే కంపైల్ అయి వస్తుంది కనుక ఎవరికీ నొప్పి తెలియలేదు, నేనూ అలాగే వదిలేశాను.